వెనక గదిలో విజయమ్మ

ఆదివారం పొద్దున కూతురు లాస్య చేత బతుకమ్మ పాట పాడించి, మధ్యాహ్నం తల్లి విజయమ్మ సంవత్సరీకంలో వినిపించాలని జంగయ్య అనుకున్నాడు. అసలు ఆ పాట విజయమ్మే పాడిన టేపు ఒకటి ఉండేది. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క టేపులోనే. దాన్ని రెజిమెంటల్ బజార్ స్టూడియో ఓనరు దయాకర్ ఎక్కడో పారేశాడు. ఇక మనవరాలి గొంతుతోనే సరిపెట్టుకోవాలి.

దయాకర్‌కు మోకాళ్ల నొప్పులు. మేడ మీది టేపు మిషన్ల దగ్గరికి ఎక్కలేక, కింది ఆఫీసులోని కంప్యూటర్ నుంచి పైకి సీరియల్ కేబుల్ లాగించాడు. కీబోర్డు మీద నంబరుతో కమాండ్ కొడితే, ఆ నంబరు మిషన్ తిరుగుతుంది, ఆగుతుంది, రికార్డు చేస్తుంది. మనిషి కదలనక్కర లేదు. కదలని మనిషికి ఇలాంటి తెలివితేటలు చాలా వస్తాయి.

పైన ముందు గదిలో లాస్య మైకు ముందు నిలబడింది. పక్కన జంగయ్య. దయాకర్ కింద నుంచి, పాటకు తోడుగా చప్పట్లున్న టేపుకు ప్లే కొట్టాడు. లాస్య పాట అందుకుంది.

"గొంతు లేవదేందే? బువ్వ తినలేదా?"

మాట వెనక గదిలోంచి వచ్చింది. ఆ గదికి తాళం వేసి ఉంది.

"నాయినా... నానమ్మ," అంది లాస్య.

దయాకర్ ఆపాడు. చప్పట్లతో పాటు ఆ గొంతూ ఆగింది.

"ఏమైందన్నా?" అని స్పీకర్లో అడిగాడు.

"మా అమ్మ మాట్లాడుతుంది, దయాకరూ."

"పరేషాన్ గాకన్నా. రాత్రి నిద్ర లేనట్టుంది నీకు." మళ్లీ ప్లే కొట్టాడు.

"నీళ్లియ్యుండ్రి. గొంతెండిపోతుంది."

ఈసారి మైకులోంచి దయాకర్ కూడా విన్నాడు. వెంటనే ఆపాడు. పైన జంగయ్య నీళ్ల సీసా తీసుకెళ్లి వెనక గది గుమ్మం ముందు పెట్టాడు.

"తాగమ్మా. ఇంకేం గావాలె?"

దయాకర్ కళ్లు మూసుకుని ప్లే కొట్టాడు.

"గా పిల్లను సుత కూసోబెట్టుండ్రి. కాళ్లు గుంజవా?"

లాస్య అక్కడే చతికిలబడింది. దయాకర్ టక్కున ఆపాడు.

జంగయ్య కళ్లలో భయం పోయి ఆశ వచ్చింది. "దయాకరూ, జల్ది రికార్డు పెట్టు! టేపు వోతె వోయింది, అమ్మనే వచ్చింది!"

చప్పట్లు చెరిగినా సరేనని దయాకర్ ఆ టేపునే మొదటికి తిప్పి రికార్డు కొట్టాడు. పైన తండ్రీ కూతుళ్లు చేతులు జోడించి కూర్చున్నారు. వెనక గదిలో చీమ కదిలిన చప్పుడు లేదు.

"మాట్లాడమ్మా," అని జంగయ్య బతిమాలాడు. "మీరు ఊపిరి సుత గట్టిగ తీయకుండ్రి," అని స్పీకర్లో దయాకర్ గద్దించాడు. ఎంతసేపు చూసినా తలుపు వెనక నిశ్శబ్దమే. చివరికి విసిగి ఆపాడు.

అప్పుడు చర్చి నుంచి స్టూడియో మెకానిక్ యేసురాజు వచ్చాడు. వెనక గది తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. సంగతి విని తలుపు తీసి, కింద దయాకర్‌కు వినబడేలా మైకులో అన్నాడు.

"దయ్యం లేదు, ఏం లేదు. పాడైన మిషన్ నిన్ననే బాగు చేసిన. లోపల ఇరికిన టేపునే టెస్టింగుకు ఉంచిన. దయాకరన్నా, దీనికి రెండో నంబరు పెడతనంటే వద్దన్నవు గద? సిద్ధాంతి నీకు రెండు పడదన్నడని ముందు గది మిషన్‌కూ దీనికీ ఒకటే నంబరు పెట్టిచ్చినవు. నువ్వేం కొట్టినా రెండూ ఇంటయ్."

"అంటే మా అమ్మ టేపు దొరికిందా! పాట ముందు ఆమె అన్న మాటలే గద గవి!" అని జంగయ్య అతన్ని వాటేసుకున్నాడు.

యేసురాజు ముఖం పాలిపోయింది. "రికార్డు గిట్ల కొట్టిండ్రా?"

లాస్య తలూపింది. యేసురాజు టేపు మొదటికి తిప్పి ప్లే నొక్కాడు. మైకు లేని గదిలో మిషన్ నిశ్శబ్దాన్నే శ్రద్ధగా ఎక్కించింది. పాట లేదు, నీళ్లు అడగడం లేదు. జంగయ్య గుమ్మం ముందు సీసా పక్కన కూలబడ్డాడు. ఎంతకీ నిశ్శబ్దమే. టేపు చివరికొచ్చింది. దయాకర్ రికార్డు ఆపిన చోటు దాటగానే, చెరగకుండా మిగిలిన చిన్న ముక్క పలికింది:

"గింతసేపు నోర్మూసుకుని కూసుంటే ఏం ఎక్కుతదిరా? మాట్లాడుండ్రి!"

టేపు అయిపోయింది.

మధ్యాహ్నం సంవత్సరీకంలో జంగయ్య ఆ ముక్కే వినిపించాడు. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని లేచిన బస్తీ పెద్దను చుట్టాలే చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.