పెట్టెకు ఏమేం వచ్చు?

ఆ ఉదయం తీగలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు కొత్తగా వచ్చిన నెట్‌వర్క్ పెట్టెకు ఏయే పనులు చేతనవుతాయో మధ్యాహ్నంలోగా తేల్చి యజమానికి చెప్పాలి. ఆపైన టీ తాగాలి. ఆ ఆఫీసులో తీగలు, పెట్టెలు, వాటి మీద పడే తిట్లు అన్నీ ఆయనవే. చదువు మధ్యలో మానేసినవాడు గనక ఇంకోచోట ఇలాంటి ఉద్యోగం దొరకదు. ఇక్కడైనా ఉంటుందో ఊడుతుందో ఆ రోజే తేలాలి. ఆ పనంతా మేం చూసుకుంటామంటూ ఒక కంపెనీ మనిషి వచ్చి, యజమానితో అద్దాల గదిలో కూర్చున్నాడు.

నెట్‌లో ఏ సమాచారమైనా చిన్న చిన్న ప్యాకెట్లుగా పోతుంది. వాటిని ఏరడం, దారి మళ్లించడం లాంటి పనుల్లో పెట్టెకు ఏవి వచ్చో కనుక్కోవడానికి తీగలాయన పద్ధతి ఒకటే. తన బల్ల దగ్గర కూర్చుని ఒక్కోదాన్నీ ఆన్ చేస్తాడు. పెట్టె ఒప్పుకుంటే వచ్చినట్టు, మొరాయిస్తే రానట్టు. అలా పోతూ పోతూ "పరిచయం లేని యంత్రం పంపిన ప్యాకెట్టును పారెయ్" అన్నదాన్ని ఆన్ చేశాడు. పెట్టె ఠక్కున ఒప్పుకుంది.

అది నిన్ననే వచ్చిన పెట్టె. ఆఫీసులో దానికి ఎవరు పరిచయం? తీగలాయన గాభరాగా ఆఫ్ నొక్కాడు. ఆ మాట మోసుకెళ్లిన ప్యాకెట్టునూ అది పారేసింది.

ఆఫీసులో ఫోన్లూ తలుపుల తాళాలూ నడిచేది ఆ పెట్టె మీదే. ఫోన్లు మూగబోయాయి. తలుపుల దగ్గర కార్డు ఆనిస్తే ఎర్రదీపం వెలగసాగింది.

"నా కార్డు తీసుకోవట్లేదేంటి?" అంది పద్దులు చూసే అక్క.

"నాదీ అంతే" అన్నాడు పక్క బల్లాయన.

"పొద్దుట్నుంచీ ఆ కంపెనీ మనిషి లోపలే ఉన్నాడుగా. అయితే మనందర్నీ పీకేశారన్నమాట."

ఆవిడ నేరుగా అద్దాల గది ముందుకెళ్లి నిలబడింది. వెనకాల అందరూ చేరారు. లోపల యజమాని తలుపు లాగుతున్నాడు, అది రావడం లేదు.

"చూడండి, మనం లోపలికి రాకుండా ఎలా పట్టుకున్నాడో" అంటూ అక్క గొంతు పెంచింది. "అయ్యా, మాకంటే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆ తీగల తమ్ముణ్ణి కూడానా పీకేది? వాడికి ఇంకెవరిస్తారండీ ఉద్యోగం? పోతే మమ్మల్ని పంపండి, వాణ్ణి ఉంచండి."

తిట్టడానికి తప్ప తననెవరూ తలచుకోరని ఏళ్లుగా కుమిలిపోతున్న తీగలాయనకు అది మెప్పో తిట్టో తెలియలేదు గానీ, కళ్లు మాత్రం చెమర్చాయి.

"అక్కా, ఎవర్నీ పీకలేదు. నేనే పెట్టెని కెలికాను" అన్నాడు ముందుకొచ్చి.

"అయితే వెళ్లి దాని ప్లగ్గు లాగవయ్యా" అన్నాడు యజమాని అద్దం వెనక నుంచి.

"పెట్టె గదికీ ఇదే తాళమండి."

యజమాని మొహం ఎర్రదీపంలా అయింది. కంపెనీ మనిషి నింపాదిగా అద్దం దగ్గరికొచ్చాడు.

"అన్నా, మార్చింది సేవ్ చేశావా?"

ఈ విషయంలో తీగలాయన తినని తిట్టు లేదు. తల దించుకున్నాడు. "లేదండీ. ఎప్పుడూ మర్చిపోతాను."

"బతికించావు. కరెంటు మెయిన్ ఆపి మళ్లీ వెయ్యి. తాళాలు వదిలేస్తాయి. సేవ్ చెయ్యంది పెట్టెకి గుర్తుండదు."

"కరెంటు పోయినా పెట్టెని నడిపే పాత బ్యాటరీ ఒకటి ఆ గదిలో ఉందిగా?" అన్నాడు యజమాని.

"అది చచ్చి చాలా రోజులైందండీ. కొత్తది వెయ్యడం..."

"మర్చిపోయావు."

మెయిన్ ఆగింది. తలుపులు వదిలేశాయి. మళ్లీ వేస్తే పెట్టె ఏమీ ఎరగనట్టు పని మొదలుపెట్టింది.

యజమాని చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి కంపెనీ మనిషిని అడిగాడు. "మీవాళ్లయితే ఇలా మర్చిపోరుగా?"

"ఎంతమాటండీ. మావాళ్లు ఏది మార్చినా ఆ క్షణమే సేవ్ చేస్తారు."

యజమాని ఒకసారి అద్దాల తలుపు వైపు, ఒకసారి తీగలాయన వైపు చూశాడు. "మీకు తర్వాత కబురు చేస్తాలెండి" అన్నాడు.

మెట్ల దగ్గర తీగలాయన కంపెనీ మనిషి చెయ్యి పట్టుకున్నాడు. "నా పొట్ట కొట్టడానికొచ్చి నాకే అన్నం పెట్టావు తమ్ముడూ."

"నేనూ లోపలే ఉన్నాగదన్నా."

ఇద్దరూ కలిసి టీ తాగారు. పద్దులక్క బల్ల మీదకూ ఒక కప్పు వెళ్లింది, ఎవరు పంపారో చెప్పకుండా.

పెట్టెకు ఏమేం వచ్చో తీగలాయన ఆ సాయంత్రం కంప్యూటర్లో వివరంగా రాశాడు. యజమానికి అది ఇంకా అందలేదు, సేవ్ చేయలేదు గనక.