బోణీ పూట బోరైడు

ప్రపంచ విజ్ఞాన చరిత్రలో రాయచోటి పేరు శాశ్వతంగా చేరిన క్షణాన నేను వంకాయలు తరుగుతున్నాను! మావారు ప్రదీప్‌కుమార్ ఇంటర్నెట్ సెంటర్ నుంచి చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేసి, "వాసవీ, నా పేపరు అచ్చుకు ఒప్పుకున్నారు!" అన్నారు. పెళ్ళి పారాణి ఇంకా పూర్తిగా వదలని రోజులు. ఆయన ఏం చెప్పినా నాకు సంబరమే. నోరు తీపి చేద్దామని తొందరలో వంకాయ ముక్క పెట్టబోయి, సర్దుకుని బెల్లం పెట్టాను.

విషయమేమిటంటే, మెగ్నీషియం డైబోరైడ్ అనే పదార్థాన్ని విపరీతంగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. దాన్నే అతివాహకత అంటారు. మరి దాన్ని గట్టిగా నొక్కితే? మావారు బెంగళూరు ల్యాబులో నొక్కి చూశారు. ఆ గుణం వచ్చే ఉష్ణోగ్రత తగ్గింది. ఒత్తిడి పెంచేకొద్దీ తగ్గుతూనే పోయింది.

"తగ్గిందా?" అన్నారు మామగారు రామకోటయ్య. బజారులో బట్టల అంగడి ఆయనది.

"తగ్గింది నాయనా. అదే ఫలితం."

"మొదటి పేపరంటే బోణీ గదరా! బోణీ బేరంలో 'తగ్గించు' అన్నోని మొగం గూడా సూడను నేను. మనింట్లో తగ్గుదలతో బోణీనా? పెరిగిందని రాయి."

"రాస్తే పెరగదు నాయనా."

"యాల పెరగదు? ఇంగా గట్టిగా నొక్కు!"

ఆదివారం సన్మాన సభ అన్నారు. 'పీడనంతో అతివాహకతను పెంచిన రాయచోటి ముద్దుబిడ్డ' అని బ్యానరు కట్టించారు. సభకు మావారి గైడు గారు కూడా వస్తున్నారు! బ్యానరులో ఉన్నట్టు చెబితే గైడు ముందు పీహెచ్‌డీ పోతుంది. ఉన్నదున్నట్టు చెబితే ఊరి ముందు మామగారి పరువు పోతుంది.

మావారు మామూలుగా ఏ అడ్డూ చెప్పని మనిషి. మల్లెపూలంటే మల్లెపూలు, సినిమా అంటే సినిమా. వాళ్ళ నాయన ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ గుణం పడిపోయింది. శనివారానికి మల్లెపూలన్నా వద్దు, సినిమా అన్నా వద్దు. ఫలితం మా ఇంట్లో మరోసారి రుజువైంది!

సభలో శాలువా కప్పించుకుని, మైకు పట్టుకుని, మావారు బ్యానరు వంక చూశారు. తర్వాత నా వంక చూశారు. నేను తల ఊపాను.

"నేను కొలిచాను. తగ్గింది."

మామగారి మొహం వెలిసిన అద్దకం చీరలా అయింది. అంతలో వెనక వరుసలోంచి అంగడి పాత ఖాతాదారు గిడ్డమ్మ లేచింది.

"ఏమప్పా శెట్టీ! ఒత్తిడి పెడితే తగ్గుతాదని నీ కొడుకు చెప్తాండాడు. నేనెంత ఒత్తిడి పెట్టినా నీ అంగట్లో చీర ధర తగ్గదే!"

హాలు నవ్వులతో, చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది గైడు గారు. మామగారు ఆ చప్పట్లు చెవులారా విన్నారు. వ్యాపారి చెవులు కదా! లేచి మైకు అందుకున్నారు.

"మావోడు నిజమే చెప్పినాడు! మా వంశంలో అబద్దమనేదే ల్యా! ఆ నిజం గౌరవార్థం, రేపు పొద్దున బోణీ నుంచే మా అంగట్లో తగ్గింపు ధరలు! అందరూ రాండి!"

ఈలలు! నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మామగారు వేదిక దిగి నేరుగా నా దగ్గరకు వచ్చి, ప్రేమగా గొంతు తగ్గించారు.

"అమ్మా వాసవీ, నీ చేతిరాత బాగుంటాది. రేపు తెల్లారేపాటికి అంగడికి వచ్చేయ్. జనం రాకముందే చీటీల మీద ధరలన్నీ పెంచి రాయల్ల. ముందు పెరిగితేనే గదా తగ్గేది!"