మొక్కు పుంజుకు మినహాయింపు

ఆదోని అవతల మా ఊళ్ళో ప్రతి కోడి పేగునూ శుభ్రం చేయాలని గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒక్క పుంజుకు మాత్రం మినహాయింపు దొరికింది. ఎన్నికల్లో గెలిస్తే కోస్తానని సర్పంచ్ పెద్ద ఈరన్న సుంకులమ్మకు మొక్కి వదిలిన పుంజు అది. ఆయన గెలిచి మూడేళ్ళయింది. వచ్చే ఎన్నిక కూడా గెలిచి, రెండు మొక్కులూ ఒకే పుంజుతో తీర్చాలని ఆయన పొదుపు.

మొక్కు పుంజును అదిలించకూడదు, కట్టెయ్యకూడదు, మందు తాపకూడదు. అది తిన్నచోటే రెట్ట వేస్తుంది. దానికి బాగా నచ్చిన వాకిలి గిడ్డమ్మది. మొగుడూ పొలమూ లేని గిడ్డమ్మకు ఉన్న ఆధారం తొమ్మిది కోళ్ళు. రెట్ట నీళ్ళలా పోయే పారుడు రోగంతో అప్పటికే రెండు పోయాయి.

పశువుల డాక్టరమ్మ శివజ్యోతి రెట్ట పరీక్షించి సభలో చెప్పింది. "కడుపులో ఉండే నట్ట పురుగులు పేగును గాయం చేస్తాయి. ఆ గాయంలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. అన్ని కోళ్ళకూ ఒకే రోజు నట్టల మందు తాపాల. ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికే."

ఈరన్న మైకు అందుకున్నాడు. "నేనుండేంతవరకు మన కోళ్ళ పేగుల్లో ఒక్క సూక్ష్మజీవిని గూడా కాలు పెట్టనియ్యను!" వాటికి కాళ్ళుండవని డాక్టరమ్మ అన్నది చప్పట్లలో వినపడలేదు.

గిడ్డమ్మ లేచింది. "ఏమప్పా ఈరన్నా, నీ పుంజుకూ కడుపుండాది కదా. దానికీ రోంత తాపనీ. లేకుంటే నా కోళ్ళు యాడ బతుకుతాయి?"

"అది అమ్మవారి సొత్తు. దాని కడుపులో ఉండేటివి గూడా అమ్మవారివే."

మళ్ళీ చప్పట్లు. మేమూ కొట్టాం, అలవాటు కొద్దీ.

పుంజును వదిలి ఊళ్ళో కోళ్ళన్నిటికీ మందు తాపారు. రెండు నెలలు తిరక్కముందే గిడ్డమ్మ కోళ్ళు మళ్ళీ పారుకున్నాయి. ఇంకొకటి పోయింది. ఆ రోజు ఆమె ఏడ్చింది. తర్వాత మిగిలిన ఆరింటితో పాటు పుంజుకూ సంగటి ముద్దలో మందు కలిపి పెట్టింది.

మర్నాడు ఆరోగ్య గ్రామ సారథిగా ఈరన్నకు సన్మానం. పుంజు వేదికెక్కి, ఆయన కొత్త శాలువా మీద సేమియా పోసినట్టు నట్టలను విడిచింది. కొన్ని కదులుతున్నాయి కూడా. వందన సమర్పణ రద్దయింది.

విచారణలో గిడ్డమ్మ దాచలేదు. "నేనే పెడితి. నా కోళ్ళు సస్తాంటే సూస్తా కూసోల్నా?"

అమ్మవారి సొత్తును అనుమతి లేకుండా పుంజు కడుపులోంచి ఖాళీ చేయించిన నేరానికి ఆమెను జాతరకు రావద్దన్నారు. ఆరు కోళ్ళు తేరుకొని గుడ్లకు రాగానే, నెల రోజుల గుడ్లు పంచాయతీకి అప్పగించమన్నారు. ఆ గుడ్లు వచ్చాక, తీర్పు మీద సంతకం పెట్టిన వాళ్ళకు అందులోంచి తలా ఒక ఉడికిన గుడ్డు ఇచ్చారు.

మేమూ సంతకం పెట్టాం. గుడ్డు చాలా బాగుంది. రోగం లేని కోడిదని తింటుంటేనే తెలిసిపోయింది.