బురద లేని మడుగు

ఒక పెద్ద అడవిలో వేసవి ముదిరితే మిగిలేది ఒకే మడుగు. భద్రయ్య అనే ఏనుగు అందులో నిలుచున్నంతసేపు ఎవరూ ఎవరినీ వేటాడరాదన్నది అక్కడి కట్టుబాటు. ఆ కాపలాకు ప్రతిఫలంగా ముందు స్నానం ఆయనది. మిగిలినవారికి దక్కేది బురద.

ఒక సాయంత్రం భద్రయ్య ఒడ్డెక్కబోయి మోకాళ్ల మీద కూలబడ్డాడు. అందరూ చూడనట్లే ఉండిపోయారు. నక్క జంబుకరావు మాత్రం మర్నాడే సభ పిలిచాడు.

"ఎన్నాళ్లు ఈ ఒక్కడి పెత్తనం? ఇకపై కాపలా అందరిదీ!"

"అందరిదీ అంటే ఎవరిది, బాబాయ్?" అని అడిగింది చిత్ర అనే లేడి. బురదనీళ్లు తాగి దాని కూనకు కడుపునొప్పి తగ్గడం లేదు.

"అందరిదీ అంటే అందరిదీ, తల్లీ! పిల్లకు తేటనీళ్లు వద్దా?"

లేడి గిట్ట పైకెత్తింది. తీర్మానం నెగ్గింది.

భద్రయ్యకు వీడ్కోలు సన్మానం ఘనంగా జరిగింది. మోదుగాకుల శాలువా కప్పారు. భద్రయ్య మెల్లగా, "రేపు ఇక్కడ ఎవరు నిలబడతారు?" అని అడిగాడు. ఉపన్యాసం ముగిసిందనుకొని అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాటికి నీరు అద్దంలా తేరుకుంది. తూర్పు గట్టున చిరుత, పడమటి గట్టున దుమ్ములగొండి కూర్చున్నాయి.

"రా అమ్మాయీ, ఆ దుమ్ములగొండి నుంచి నిన్ను నేను కాపాడతాను," అంది చిరుత.

"దాని మాట నమ్మకు. చిరుత నుంచి కాపాడేది నేనే," అంది దుమ్ములగొండి.

"చూశావా తల్లీ! నిన్నటిదాకా ఒక్క కాపలాదారు. నేడు ఇద్దరు!" అన్నాడు జంబుకరావు, పొదలోంచి తల బయట పెట్టకుండానే. ఆయన నాలుకా ఎండిపోయే ఉంది.

కూన కాళ్లు తడబడుతున్నాయి. లేడి దాన్ని ముందుకు నెట్టుకుంటూ భద్రయ్య దగ్గరకు చేరింది. వెనకే జంబుకరావూ వచ్చాడు.

"తాతా, ఒక్కసారి వచ్చి ఊరికే నిలబడు. బురదైనా తాగుతాం."

"పదవీకాలం పొడిగిస్తామండీ, భద్రయ్యగారూ!"

భద్రయ్య లేవబోయాడు. చెవులు కదిలాయి గానీ మోకాళ్లు కదలలేదు.

"నిలబడగలిగితే సన్మానానికి ఒప్పుకునేవాణ్ణా, అమ్మా?"

లేడి కూనతో కొండ అవతలికి, నీళ్లున్నాయో లేవో తెలియని దిక్కుకు సాగిపోయింది. మడుగు దగ్గర చిరుతా దుమ్ములగొండీ ఇంకా ఎదురెదురుగానే కూర్చున్నాయి. తాను తల వంచితే రెండోది మెడ పట్టుకుంటుందన్న భయంతో ఆ రెండూ నీరు ముట్టలేదు.

నీతి: పెత్తందారుకు ముసలితనం వస్తే సంతోషించవచ్చు; అయితే ముందుగా కడుపునిండా నీళ్లు తాగి రావాలి.