పట్టపగలు పింజరమ్మ కాపలా

మాది చాలా పెద్ద అడవి. అడవి పెద్దదైనప్పుడు సభ కూడా పెద్దగానే ఉండాలి కదా అని ఒక సభ పెట్టుకున్నాం. అధ్యక్షుడు భల్లూకరావు గారనే ఎలుగుబంటి. కార్యదర్శి జిత్తప్ప అనే నక్క. చిన్న జంతువుల తరఫున సభ్యుణ్ణి నేను, కుందేలుని. ఏ తీర్మానం వచ్చినా చెవులు రెండూ నిక్కించి "ఆమోదం" అనడం నా పని. చాలా శ్రద్ధగా చేసేవాణ్ణి.

ఆ ఏడు వేసవి మండిపోయింది. వాగులన్నీ ఎండిపోయి, నల్లబండల మధ్య ఒక్క మడుగు మిగిలింది. మిట్టమధ్యాహ్నం దాహం ఆపుకోలేక అందరం అక్కడికే చేరేవాళ్లం. ఆ సంగతి చిరుతకీ తెలుసు.

మాకు కాపలా తీతమ్మ అనే తీతువు పిట్ట. బండ చివర నిలబడి, పొదలో ఆకు కదిలితే చాలు, గొంతు చించుకుని అరిచేది. మేం పరుగో పరుగు. సగం సార్లు అది ఉత్త గాలే. అయినా ఆమె కాపలా ఉన్నన్నాళ్లూ చిరుత నోటికి ఒక్కరం కూడా చిక్కలేదు.

ఇబ్బందల్లా భల్లూకరావు గారి మధ్యాహ్నపు కునుకుతో వచ్చింది.

"ఆ గొంతేమిటయ్యా! తీతువు కూత అసలే అపశకునం. ఆధునికమైన ఏర్పాటేదీ లేదా?" అన్నారాయన ఒకరోజు, ఎర్రటి కళ్లతో.

"లేకేం సార్!" అన్నాడు జిత్తప్ప. అతను ఆ మధ్యే అడవి అంచున ఉన్న బంగళా దాకా అధ్యయన యాత్రకి వెళ్లొచ్చాడు. అక్కడి చెత్తకుండీ వెనక కూర్చుని బోలెడు కొత్త మాటలు నేర్చుకున్నాడు. "ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ అంటారు సార్. కళ్లతో పనే లేదు. ఒంటి వేడిని బట్టి ఎవరొస్తున్నారో చెప్పేస్తుంది. కూత ఉండదు, బుస్సుమంటుందంతే."

మర్నాడు గుహలో ప్రదర్శన పెట్టాడు. గుహ చల్లగా, చీకటిగా ఉంది. వెదురు పొదల్లోంచి పింజరమ్మ అనే ఆకుపచ్చ పాముని పిలుచుకొచ్చి, ఆమె కళ్లకి మోదుగాకు కట్టాడు. ఆమెకి కంటికీ ముక్కుకీ మధ్య చిన్న గుంట ఉంది. వేడిని పసిగట్టేది దాంతోనే.

గుమ్మంలోంచి ఎవరో లోపలికొచ్చారు.

"ఎలుక," అంది పింజరమ్మ. "కడుపుతో ఉంది."

"అయ్యో, ఇంట్లోనే ఇంకా చెప్పలేదండీ!" అంటూ ఎలుక సిగ్గుపడి పారిపోయింది.

తర్వాత నేను వెళ్లాను. "కుందేలు. చెవులు వేడెక్కాయి. అధ్యక్షుల వారంటే భయంలా ఉంది."

సభంతా చప్పట్లు. అక్షరాలా నిజం కాబట్టి నేనూ కొట్టాను. అయితే కొడుతూ కొడుతూ ఒక అనుమానం వచ్చింది. కాపలా మడుగు దగ్గరైతే ప్రదర్శన గుహలో ఎందుకు? ఆ మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా జిత్తప్ప "ఆమోదమేనా?" అన్నాడు. అలవాటు కొద్దీ చెవులు లేచిపోయాయి.

తీతమ్మకి టేకాకు శాలువా కప్పి వీడ్కోలు సన్మానం చేశాం.

"నేనేం తప్పు చేశానండీ?" అంది పాపం.

"తప్పేం లేదమ్మా. నీకున్నవి కళ్లు, అంతే," అన్నాడు జిత్తప్ప.

ఆమె శాలువా విదిలించుకుని ఎగిరిపోయింది.

మొదటి మధ్యాహ్నం పింజరమ్మ బండెక్కి చుట్ట చుట్టుకుంది. మేం మూతులు నీళ్లలో పెట్టామో లేదో బుస్సుమంది.

"పులి! ఎదురుగా! పడుకుని ఉంది!"

పారిపోయి చెట్ల చాటునుంచి చూశాం. ఎదురుగా ఎండకి కాలుతున్న బండరాయి. సిగ్గుపడుతూ వెనక్కొచ్చాం.

"ఇంకో పులి! నిలబడి ఉంది!" అది ఎండు మోడు.

"బాబోయ్, చుట్టూ పులులే! నా కింద కూడా పులే!"

ఆ రోజు ఎవరి నాలుకా తడవలేదు.

వెంటనే అత్యవసర సమావేశం. పింజరమ్మ తల దించుకుని నిజం చెప్పేసింది. "అయ్యా, గుహలో వేడిగా ఉండేది ప్రాణం ఒక్కటే. ఎండలో బండా వేడే, మట్టీ వేడే. నాకు లోకమంతా ఒకటే మంటలా ఉంది. మీరంతా నన్ను గొప్పదాన్నన్నారు, నేనూ నమ్మేశాను. నన్ను పంపెయ్యండి."

"పరికరం మాట్లాడకూడదు," అన్నాడు జిత్తప్ప. "చిన్న సర్దుబాటు చేస్తే సరి. ఇకనుంచి బండ కంటే వేడిగా ఉన్నదాన్ని గురించే చెప్పాలి. ఆమోదమేనా?"

నా సంగతి మీకు తెలిసిందే.

రెండో మధ్యాహ్నం మడుగు దగ్గర చీమ చిటుక్కుమనలేదు. భల్లూకరావు గారు గుర్రు పెడుతున్నారు. మేం కడుపునిండా తాగుతున్నాం.

"సార్, ఎడమవైపునుంచి చల్లటిదేదో వస్తోంది," అంది పింజరమ్మ నెమ్మదిగా.

"బండ కంటే వేడిగా ఉందా?" అన్నాడు జిత్తప్ప, తల తిప్పకుండా.

"లేదు సార్. చాలా చల్లగా ఉంది. కానీ నాలుగు కాళ్లున్నట్టు..."

"నియమం ప్రకారం అది నీడ. రానివ్వు."

అది చిరుత. అవతలి బురదలో దొర్లి, ఒళ్లంతా తడుపుకుని తీరిగ్గా వస్తోంది. ఎవరూ పారిపోకపోవడం చూసి పాపం అది కూడా ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత దూకింది. మొదటి దెబ్బకి జిత్తప్ప తోక కుచ్చు ఊడింది. రెండో దెబ్బకి నా ఎడమ చెవి సగం పోయింది. మూడో దెబ్బ వన్నెలి అనే దుప్పికి తగిలింది. నీళ్లలోంచి తల ఎత్తేలోపే చిరుత ఆమెని పొదల్లోకి ఈడ్చుకుపోయింది.

ఆ సాయంత్రమే దుప్పుల మంద తీతమ్మని వెతుక్కుంటూ అడవి వదిలి వెళ్లిపోయింది. పింజరమ్మ ఎవరికీ చెప్పకుండా వెదురు పొదల్లోకి జారుకుంది.

మేం మాత్రం గుహలో విచారణకి కూర్చున్నాం. పింజరమ్మ నియమం తప్పలేదు. నియమం పెట్టిన జిత్తప్ప సభ మాట తప్పలేదు. ఆమోదించిన సభ అలవాటు తప్పలేదు. ఎటు తిప్పి చూసినా తప్పు దొరకడం లేదు.

"బండల్ని కాల్చిందెవరు?" అని అడిగారు భల్లూకరావు గారు.

"సూర్యుడు సార్," అన్నాను, ఉన్న చెవిని పట్టుకుని. అన్నాళ్లలో సభలో నేను స్వయంగా ఆలోచించి చెప్పిన మాట అదొక్కటే.

"అదీ సంగతి!" అని ఆయన లేచి గుహ బయటికొచ్చి, విధి నిర్వహణలో ఉన్న పరికరాన్ని వేధించినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఆకాశం వైపు చూస్తూ ఆజ్ఞాపించారు. కాసేపటికి సూర్యుడు ఎర్రబడి, మెల్లగా పడమటి కొండ వెనక్కి తప్పుకున్నాడు.

"చూశారా, జడిశాడు!" అన్నారు భల్లూకరావు గారు.

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

నీతి: పరికరం పనిచెయ్యకపోతే కంగారు పడకండి, ఎండని సస్పెండ్ చేస్తే సరిపోతుంది.