బండిలో ఏ దోషమూ లేదు

సంచార పశువైద్యశాల జీపులో ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే పీకి చూసినా బ్యాటరీ దిగిపోవడం ఆగలేదు కాబట్టి, ఇక సిబ్బందిని ఒక్కొక్కరినే పీకి చూడాలని ఆఫీసులో నిర్ణయం జరిగింది. పద్ధతి కొత్తదేమీ కాదు. పాత బండ్లున్న ఆఫీసుల్లో ఇది మామూలే.

పట్టుబట్టి ఈ పని చేయించింది డ్రైవర్ ఓబులేసే. ఆ జీపంటే అతనికి ప్రాణం. సాయంత్రం బ్యాటరీ నిండుగా ఉంచి ఇంటికెళితే, పొద్దున సెల్ఫ్ కొట్టినా కిర్రుమనేది కాదు. డాక్టర్ హైమావతి గారితో సహా అందరూ ఇస్త్రీ బట్టలతో రోడ్డు మలుపు దాకా తోయాల్సి వచ్చేది. తోసి తోసి విసిగిపోయి, జీపును తుక్కు కింద అమ్మేద్దామని పైకి రాశారు. తనిఖీ కమిటీ వచ్చేలోపు దోషం దొరక్కపోతే బండి పోయినట్టే. అయినా ఓబులేసుకు బెంగ లేదు. దొంగ ఎవరో అతనికి తెలుసు. సూపరింటెండెంట్ కోటిలింగం కుర్చీ జీపు షెడ్డు గోడకు ఆనుకునే ఉంటుంది. ఆయన పొద్దస్తమానం ఏదో ఒకటి పీల్చుకునే రకమని ఓబులేసుకు గట్టి నమ్మకం.

ఎలక్ట్రీషియన్ జిలానీ వచ్చి బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, వైరుకీ బ్యాటరీకీ మధ్య టెస్ట్ ల్యాంపు తగిలించాడు. బండి ఆపి ఉన్నా ల్యాంపు వెలుగుతోందంటే ఎవరో కరెంటు లాగుతున్నారన్నమాట. ఎవరిని తీస్తే ఆరుతుందో వాళ్లలోనే దోషం. ల్యాంపు ఎర్రగా వెలుగుతోంది.

మనిషిని పీకడం పెద్ద కష్టమేం కాదు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, భుజాలు పట్టుకుని కుదపకుండా లాగితే టక్కుమని ఊడివస్తాడు, అగ్గిపెట్టెంత అవుతాడు. బిస్కెట్ డబ్బాలో దూది పరిచి పడుకోబెడతారు. డబ్బాలో ఉన్నంతసేపూ డ్యూటీ కిందే లెక్క, కానీ ప్రయాణ భత్యం రాదు. జూనియర్లను ముందు పీకాలా సీనియర్లనా అని భోజనాల వేళ దాకా చర్చ నడిచింది. చివరికి ఓబులేసు మాటే నెగ్గి, కోటిలింగాన్ని ముందు పీకారు.

ల్యాంపు ఎప్పట్లాగే వెలుగుతోంది. ఈ సారుకు దేనితోనూ కనెక్షన్ లేదని జిలానీ తేల్చాడు. ఆ మాటేదో రాతపూర్వకంగా ఇప్పించమని డబ్బాలోంచి కోటిలింగం సన్నటి గొంతుతో కోరాడు. తర్వాత కాంపౌండర్నీ, అటెండర్నీ, ఆఖరికి డాక్టరమ్మనీ తీశారు. ఎవరూ రవ్వంత కరెంటు కూడా లాగడం లేదు. డబ్బాలో ఒకరినొకరు అభినందించుకున్నారు.

ఓబులేసు నవ్వుతూ యూనిఫాం సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"మిగిలింది నేనొక్కన్నే కదా. నన్నూ తీసి చూడు, నీ అనుమానం తీరిపోతాది."

జిలానీ లాగాడు. ల్యాంపు ఆరిపోయింది.

దూదిలోంచి ఓబులేసు ఆ ఆరిన ల్యాంపునే చూశాడు. అవమానం కలిగింది, నిజమే. కానీ దోషం దొరికిందన్న సంతోషం దాన్ని మించిపోయింది. జిలానీ మిగతా వాళ్లందరినీ ఎవరి కుర్చీల్లో వాళ్లను బిగించి, డబ్బా దగ్గర చతికిలబడ్డాడు.

"అన్నా, రాత్రి పండుకున్నాక ఏం ఆలోచిస్తావు?"

"ఏముంది. రేపు యా ఊరికి పోవాల, యాడ బర్రె ఈనలేక తన్నుకులాడుతాందో, వంకలో నీళ్లు తగ్గినాయో లేదో."

"అదేన్నా లాగుతాండేది."

మర్నాడు జిలానీ బ్యాటరీ వైరు బిగించి సెల్ఫ్ కొట్టగానే జీపు దడదడలాడుతూ లేచింది. కమిటీ వాళ్లు వచ్చి, బానెట్ ఎత్తి చూసి, జిల్లాలో ఇంత ఆరోగ్యమైన బండి మరొకటి లేదని మెచ్చుకున్నారు. తుక్కు ప్రతిపాదన రద్దయింది. డబ్బాలో ఓబులేసు కళ్లు చెమర్చాయి. తన బండి బతికింది. అతన్ని తిరిగి బిగిస్తే బ్యాటరీ మళ్లీ దిగుతుంది. బండి నడిపే అనుమతి మరొకరికి లేదు. అందుకని అతన్ని డబ్బాలోనే కొనసాగిస్తూ, జీపును షెడ్డులో కొనసాగిస్తూ ఆర్డరు వేశారు. ముందు జాగ్రత్తగా టెస్ట్ ల్యాంపును మళ్లీ బ్యాటరీకి తగిలించి ఉంచేశారు.

వానల్లో ఒకరోజు చినకొండ్రపాడు నుంచి సుంకులమ్మ ఫోను చేసింది. ఉన్న ఒక్క బర్రెకూ కడుపులో దూడ అడ్డం తిరిగింది, నిన్నటి నుంచీ లేవలేదు, జీపు పంపమని వేడుకుంది. బండి ఫస్ట్ క్లాసుగా ఉందమ్మా అని కోటిలింగం భరోసా ఇచ్చాడు. వస్తుందా అని ఆమె అడిగింది. కదిలితే మళ్లీ చెడుతుందేమోనని ఆయన ఓపిగ్గా వివరించాడు.

"ఔలే సారూ. ఇన్నాళ్లకు బాగైంది. మా కోసరం చెడగొట్టుకోవద్దండి."

చినకొండ్రపాడు పేరు వినగానే కోటిలింగం బల్ల మీది డబ్బాలో ఓబులేసు లేచి కూర్చున్నాడు. వంక పొంగి ఉంటుంది, చెరకు తోటల వెనక నుంచి తిప్పుకుని పోతే పొద్దుగూకేలోపు అందుకోవచ్చు. కిటికీ అవతల షెడ్డులో టెస్ట్ ల్యాంపు సన్నగా ఎర్రబడింది. ఓబులేసు దాన్ని చూశాడు. బండికి ఏమవుతుందోనని భయపడ్డాడు. దూదిలో మెల్లిగా వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, ఆ దారిని మనసులోంచి చెరిపేసుకున్నాడు. ల్యాంపు ఆరిపోయింది. కోటిలింగం ఫోను పెట్టేసి, డబ్బా అంచు మీద తట్టి, ఇప్పుడు దారికొచ్చావని మెచ్చుకున్నాడు.