పాప ఏం తింటుంది?

ఆసుపత్రిలో ఒకే ప్రశ్న పదిమంది అడిగితే విసుక్కుంటారెందుకండీ? అది వైద్యరంగం మనకిచ్చిన వరం! మనం ఏం తిన్నామో ఇంట్లో కట్టుకున్నవాళ్ళయినా అడుగుతున్నారా?

మొన్న మా మేనకోడలికి టాన్సిల్స్ ఆపరేషన్. ఏడేళ్ల పిల్ల. మందులకు లొంగని ఫిట్స్ ఉండేవి. అందుకని కీటో డైట్ మీద పెట్టారు. కొవ్వు కొండంత, అన్నం గోరంత, పంచదార అసలే లేదు. దాని పుణ్యమా అని పద్నాలుగు నెలలుగా ఫిట్స్ రాలేదు. ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిందంటే ఆ కష్టమంతా గంగలో కలిసినట్టేనని మా చెల్లెలి భయం. నాదీ అదే.

కౌంటర్లో అడిగారు: "పాప ఏం తింటుందమ్మా?" మా చెల్లెలు చెప్పింది, రాసుకున్నారు. నర్సు అడిగింది, రాసుకుంది. జూనియర్ డాక్టరు, ఆయనకు జూనియరు, అందరూ అడిగారు, అందరూ రాశారు. ఊడవడానికి వచ్చినావిడ కూడా అడిగింది. పాపం, ఆవిడకు ఫారం ఇవ్వలేదు!

మత్తు డాక్టరుగారైతే స్వయంగా వచ్చి, "సిరప్‌లో కూడా చక్కెర ఉంటుందమ్మా, మాత్రే పొడి చేసి ఇద్దాం. గ్లూకోజ్ సీసా మాత్రం అస్సలు పెట్టొద్దు" అని ఎర్ర సిరాతో రాసి వెళ్లారు. సాయంత్రానికి ఫైలు పిల్లకంటే లావెక్కింది. ఇంత శ్రద్ధ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

తెల్లవారి ఆపరేషన్‌కు ముందు ఇంకో ఫారం వచ్చింది. "పాప ఏం తింటుంది?" మా చెల్లెలు చెబుతోంది, నేను నింపుతున్నాను. ఇంతలో కొత్త నర్సు వచ్చి, పరగడుపున ఉన్న పిల్లలందరికీ పెట్టే సీసానే అలవాటుగా తగిలించింది.

మా మేనకోడలికో జబ్బుంది. పొట్లం మీద రాసింది చదవనిదే ఏదీ నోట్లో పెట్టదు. తలెత్తి, సీసా మీద అక్షరాలు కూడబలుక్కుంది.

"మామయ్యా, ఇందులో గ్లూకోజ్ అని ఉంది. నాకొద్దు."

నర్సు చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను కేక పెట్టాను. మత్తు డాక్టరుగారు పరుగున వచ్చి, సీసా తీయించి, వేరేది పెట్టించారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఫిట్స్ రాలేదు.

ఇంటికి పంపేముందు మరో ఫారం ఇచ్చారు. "మా సేవల్లో ఏం మార్చుకోమంటారు?" అని. రెండు పేజీల నిండా రాశాను.

చదివిపెట్టడానికి మనిషి కావాలంటే కబురు చేయమన్నాను. మా మేనకోడలు ఒకటో తరగతే, కానీ ఆదివారాలు ఖాళీ!